మడిచిన తువ్వాలు

పిజన్ ఫోర్క్, కెంటకీ
17 అక్టోబరు 1976, ఆదివారం

ప్రియ సోదరుడు డెల్మర్‌కు,

సింహాల గుహలో దానియేలును కాచినవాడు టోలీడోలో నిన్నూ కాచుగాక. ఇక్కడ నేనూ మీ వదిన ఓపలూ ఆయన కృపలో క్షేమంగా ఉన్నాం. మంగళవారం గనిలో పైకప్పుకు బోల్టు బిగిస్తుంటే మంచమంత రాయి ఊడి పడింది. నా పార ఇంతవరకూ దొరకలేదు. నేను దొరికాను. ఆయనకు నాతో ఇంకా పని ఉన్నట్టుంది.

మా అబ్బాయి ఆసా, హాలోవే కాలేజీలో మూడో ఏడు మొదలుపెట్టాడు. వెళ్ళేముందు సంఘం ఎదుట మోకరింపజేసి వాడి చేతులకు నూనె రాశాను. వాడి వేళ్ళ నుంచి బంతి విడివడేటప్పుడు చప్పుడే ఉండదని అక్కడి బాస్కెట్‌బాల్ కోచ్ అంటున్నాడట. ఆ చెయ్యి వాడికి తల్లి నుంచి వచ్చింది. నీకూ నాకూ వచ్చింది నాన్న పిడికిలి.

నీకు తెలిసిందే మళ్ళీ రాస్తున్నానని విసుక్కోకు. నాన్న సంతలో ఒక్క గుద్దుతో మనిషిని చంపి, జైల్లోనే పోయాడు. అప్పటికి నీకు నాలుగేళ్ళు. నిన్ను భుజాన వేసుకుని ఆ శవాన్ని తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆసా పుట్టిన రోజున దేవుణ్ణి ఒకే ఒక్కటి అడిగాను: ఈ బిడ్డ చెయ్యి ఇంకో మనిషి మీద లేవకూడదు. గనిలో నా ప్రాణం గురించి కూడా అంత గట్టిగా అడగలేదు.

నీ సంగతి వేరు. దావీదు చేతులకు యుద్ధం నేర్పినవాడే నీకూ నేర్పాడు. టోలీడో జట్టులో బలహీనుల పక్కన నిలబడడానికి నిన్ను పెట్టుకున్నారని మనవాళ్ళందరికీ చెప్పాను. టోలీడో రేడియో మన లోయలోకి దిగదు కదా, ఆట ఉన్న సాయంత్రాలు నా ట్రక్కులో పై గట్టు మీదికి పోతాం. మంగలి గ్రోవర్ కిటికీలోంచి ఏరియల్ పట్టుకుని నిలబడతాడు. వాడు కదిలితే నువ్వు మాయమైపోతావు.

ప్రార్థన మానకు.

నీ అన్న,
హైరమ్ కాడిల్


టోలీడో, ఒహాయో
2 నవంబరు 1976

అన్నయ్యకు,

దానియేలు సింహాల మధ్య ఊరికే కూర్చున్నాడు. నన్ను వాటిని కరవమని పెట్టారు. అంతే తేడా.

నా పని ఎలా ఉంటుందో రాస్తాను, విను. మా కోచ్ రట్లెడ్జ్ మెడలో తువ్వాలు వేసుకుంటాడు. అది మెడలో ఉన్నంతసేపూ నేను బెంచీ మీద నీళ్ళు తాగుతూ కూర్చోవచ్చు. దాన్ని తీసి, మడిచి, మోకాలి మీద పెట్టుకున్నాడంటే లేచి లోపలికి వెళ్ళాలి. అవతలి జట్టులో ఆ పూట ఎవడి చెయ్యి బాగా తిరుగుతోందో వాడి పక్కన నిలబడాలి. నోటితో ఎవరూ ఏమీ చెప్పరు. ఆట అయ్యాక కూడా చెప్పరు.

రేడియోలో మాట్లాడే క్లైడ్ మా జట్టు జీతం తినేవాడు. వాడి మాటల్లో సగం తీసేసి విను.

ఆసాకు ముద్దులు. ఇరవై ఏళ్ళ వాడికి ముద్దులేంటంటాడు, అయినా చెప్పు. వదిన పంపిన ఆపిల్ జామ్ సీసా దారిలో పగిలింది. చొక్కా మీదున్నది నాకినంత నాకాను.

డెల్మర్


పిజన్ ఫోర్క్
12 డిసెంబరు 1976, ఆదివారం

ప్రియ తమ్ముడా,

ఎర్రసముద్రాన్ని చీల్చిన చెయ్యి నీ మీద ఉండుగాక.

తువ్వాలు సంగతి చదివి బైబిలు తెరిచాను. మోషే చేతులు పైకి ఉన్నంతసేపూ ఇశ్రాయేలు గెలిచింది, దించితే ఓడింది. మీ కోచ్ వాక్యం చదివిన మనిషై ఉండాలి. బలహీనుణ్ణి బాదుతున్నారని ఆయన గుర్తు చూపిస్తే నువ్వు అడ్డం వెళ్తున్నావు. ఈ ఆదివారం గుడిలో దాని మీదే మాట్లాడాను.

గురువారం ఆట విన్నాం. నువ్వు కొట్టిన దెబ్బకు వాడు కుర్చీల వరస దాటి జనం ఒళ్ళో పడ్డాడని క్లైడ్ చెప్పగానే గ్రోవర్ ఏరియల్ వదిలేసి హారన్ మీద పడ్డాడు. మిగతా ఆట ఎవరికీ వినపడలేదు. "అబద్ధికుల మీదికి యెహూ రాజు రథం తోలినట్టు తోలాడు నా తమ్ముడు, దుష్టుడి దవడ దేవుడికి అప్పగించాడు" అని పీఠం మీద నుంచి అన్నాను. ముసలాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఆసా సెలవుకి వచ్చి ముందు వరసలో ఉన్నాడు. వాడి కళ్ళు వెలిగిపోయాయి.

వాడి కబురు చెప్పాలి. పోయిన వారం ఆటలో ఒకడు మోచేత్తో వాడి కనుబొమ చీల్చాడు. "నువ్వేనా కాడిల్ గాడి అన్న కొడుకువి, కొట్టరా చూద్దాం" అన్నాడట. ఆసా నెత్తురు తుడుచుకుని గీత దగ్గర నిలబడి రెండు ఫ్రీ త్రోలూ వేశాడు. చెయ్యి ఎత్తలేదు. నా ప్రార్థన వృథా కాలేదు.

హైరమ్


టోలీడో
16 జనవరి 1977

అన్నయ్యకు,

ఇక్కడ చలికి నది గడ్డకట్టింది. జనం దాని మీద నడిచి అవతలి ఒడ్డుకు పోతున్నారు. నీకు ఇంకో ప్రసంగం దొరికింది, తీసుకో.

మొన్న ఆటల మధ్య ఖాళీ దొరికితే బస్సెక్కి హాలోవే వెళ్ళి ఆసా ఆట చూశాను. వాడు ఆడుతుంటే నాకే సిగ్గేసింది, అన్నయ్యా. అది ఆట. అయ్యాక హోటల్లో కూర్చున్నాం. వాడు తినడం మానేసి నా వేళ్ళ కణుపులు చూస్తున్నాడు.

"బాబాయ్, పిడికిలి పట్టేటప్పుడు బొటనవేలు లోపల పెట్టాలా, బయటా?"

"బయట" అన్నాను. అలవాటులో నోట్లోంచి వచ్చేసింది. తర్వాత నాలుక కరుచుకుని లాభమేముంది. "నీకెందుకురా అది?" అన్నాను. "ఊరికే" అన్నాడు. ఆ వెంటనే నీ యెహూ ప్రసంగం నీ గొంతుతోనే అప్పజెప్పాడు. దుష్టుడి దవడ దగ్గర బల్ల మీద గుద్దితే కాఫీ ఒలికింది. హోటల్లో అందరూ తిరిగి చూశారు.

నన్ను పీఠం మీదికి ఎక్కించకు. నేను యెహూని కాను. నేను చేసేది నువ్వు అనుకుంటున్నది కాదు. ఇంతకంటే రాయడం నాకు చేతకావడం లేదు. వాడికి నా గురించి గొప్పగా చెప్పకు, అంతే.

డెల్మర్


పిజన్ ఫోర్క్
20 ఫిబ్రవరి 1977, ఆదివారం

ప్రియ తమ్ముడా,

గానుగ చాటున గోధుమలు దుళ్ళగొడుతూ దాక్కున్న గిద్యోనును పరాక్రమశాలీ అని పిలిచినవాడు నిన్నూ పేరు పెట్టి పిలుచుగాక.

నీ ఉత్తరం చదివి సంతోషించాను. గిద్యోను కూడా ఇంతే, నేను అల్పుణ్ణి, నా ఇల్లు అల్పమైనది అని వెనక్కి తగ్గాడు. నీ వినయం చూసి ఓపల్‌కి చదివి వినిపించాను. ఆమె మాత్రం చేతిలో పని ఆపి, "అది వినయం కాదు, భయం. మళ్ళీ చదువు" అంది. ఆడవాళ్ళు అన్నిట్లో భయమే చూస్తారు.

ఆసా మోచేయి తగిలి అవతలి కుర్రాడి ముక్కు ఎముక విరిగింది. ఊపులో తగిలింది, కావాలని కాదు. ఆసా కోచ్ చప్పట్లు కొట్టాడట. ఆసాయే ఫోన్ చేసి చెప్పాడు. ఓపల్ ఫోన్ పెట్టేసి, "వాడు నవ్వుతూ చెప్పాడు" అంది. కుర్రతనం, ఇంకేముంటుంది.

జూన్ మొదటి ఆదివారం మనకు ఒకరి కాళ్ళు ఒకరు కడిగే ఆరాధన. నువ్వు వచ్చి ఎన్నేళ్ళయింది. ఎవరి మీదైనా పగ ఉన్నవాడు ఆ బల్ల మీద కూర్చోడానికి వీల్లేదని నీకు తెలుసు, పగలన్నీ వదిలేసుకుని రా. నీ కాళ్ళు నేనే కడుగుతాను. చిన్నప్పుడు బొగ్గు మట్టిలో ఆడి వస్తే రోజూ కడిగినవే.

హైరమ్


పిజన్ ఫోర్క్
27 మార్చి 1977, ఆదివారం

ప్రియ తమ్ముడా,

శత్రువుల ఎదుట బల్ల సిద్ధపరచేవాడికి స్తోత్రం.

బుధవారం గట్టు మీద పదిహేను మందిమి ఉన్నాం. అవతలి జట్టులో నెల్స్ హౌగెన్ అనేవాడు, కింద పడిన మీ కుర్రాడి మీదికి వంగి చెయ్యి మెలితిప్పుతున్నాడనీ, నువ్వు పోయి ఆపబోతే ముందు వాడే కొట్టాడనీ, నువ్వు ఒక్కటే ఇచ్చావనీ క్లైడ్ చెప్పాడు. హౌగెన్ దవడ రెండు చోట్ల విరిగిందనీ, నోరు తెరవకుండా తీగలతో కట్టారనీ పేపర్లో చూశాం. నీకు జరిమానా వేసి, ఆడకుండా ఆపేశారని కూడా ఉంది. నీతిమంతుణ్ణి గుంటలో తోసి, తోసినవాణ్ణి ఆసుపత్రిలో పూలతో చూస్తున్నారు.

నేను ఊరుకోలేకపోయాను. ఆసుపత్రి చిరునామా పేపర్లోంచే తీసి హౌగెన్‌కి రాశాను. పడినవాడి చెయ్యి విరిచే చెయ్యి మీదికి దేవుని తీర్పు వస్తుందని రాశాను. ఆయన నీ నోరు ఊరికే కట్టెయ్యలేదు, కట్టిన నోటితో ఆలోచించుకుని పశ్చాత్తాపపడు, పడితే పిజన్ ఫోర్క్‌లో నీకూ కాళ్ళు కడిగే నీళ్ళూ పళ్ళెమూ ఉంటాయి అని ముగించాను. కఠినంగానే రాశాను. యెషయా పెదవులకు నిప్పు తాకించింది చల్లగా మాట్లాడ్డానికి కాదు.

ఆ ఉత్తరం నకలు ఆసాకు పంపాను. వాడు హాస్టలు గోడకు అంటించుకున్నాడట.

హైరమ్


టోలీడో
2 ఏప్రిల్ 1977

అన్నయ్యా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. నిలబడే రాస్తున్నాను.

హౌగెన్ ఎవరి చెయ్యీ మెలితిప్పలేదు. మా కుర్రాడు జారి పడితే వాణ్ణి లేపడానికి చెయ్యి ఇచ్చాడు. అతను డకోటాలో గోధుమ పండించే ఇంటి మనిషి, పడినవాణ్ణి చూస్తే చెయ్యి దానంతటదే వెళ్తుందనుకుంటా. ఆ పూట అతను వేసిన ప్రతి బంతీ రింగులో పడుతోంది. తువ్వాలు అప్పటికే మోకాలి మీద ఉంది.

నేను పక్క నుంచి వెళ్ళాను. అతను నన్ను చూడలేదు. కొట్టినప్పుడు అతని చెయ్యి ఇంకా మా కుర్రాడి చేతిలోనే ఉంది. ఎండు కొమ్మ విరిచినట్టు చప్పుడు వచ్చింది. పళ్ళు చెక్క నేల మీద దొర్లాయి. అతను పడలేదు, మోకాళ్ళ మీద కూర్చుని వాటిని ఏరుకోబోయాడు. నోట్లోంచి నెత్తురు తీగలా కారుతోంది, దాన్ని అరిచేత్తో పట్టుకుంటున్నాడు, నేల పాడవుతుందన్నట్టు. నేను ఇంకోటి కొట్టాను. అది క్లైడ్ చెప్పి ఉండడు.

బెంచీ దగ్గరికి వస్తే రట్లెడ్జ్ తువ్వాలు విప్పి నాకే ఇచ్చాడు, చేతులు తుడుచుకోమని.

ఈ ఏడంతా ఇదే పని. నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఆ నకలు గోడ మీంచి తీయించు. ముందు ఆ పని చెయ్యి. హౌగెన్ సంగతి తర్వాత.

డెల్మర్


పిజన్ ఫోర్క్
24 ఏప్రిల్ 1977, ఆదివారం

తమ్ముడా,

నీ ఉత్తరం నిన్న చేరింది. నాలుగో తారీకున ఏరు పొంగి వంతెనా, పోస్టాఫీసూ, కింద బజారులో ఇళ్ళూ తీసుకుపోయింది. మన ఇల్లు ఎత్తులో ఉంది, నిలబడింది. గుడిలో కిటికీల దాకా బురద. నీ ఉత్తరం ఎక్కడో సంచీలో నానుతూ పడి ఉండి, అంతా అయ్యాక వచ్చింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పదహారో తారీకు శనివారం అందరం గుడిలో బురద ఎత్తుతున్నాం. కాలేజీ సెలవు ఇస్తే ఆసా కూడా వచ్చాడు. వంతెన లేదు కదా, అవతలే బస్సు దిగి, తాడు పట్టుకుని ఏరు దాటి ఒక పొడుగాటి మనిషి వచ్చాడు. మొహానికి మఫ్లరు చుట్టుకున్నాడు. నాకేదో చెప్పబోయి, మా చేతులు ఖాళీగా లేవని చూసి, గోడకున్న పార తీసుకున్నాడు. సాయం చేయడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు, ఇతనూ ఒకడనుకున్నాం. మధ్యాహ్నం దాకా నా పక్కనే పని చేశాడు. నేను ఎత్తలేని బల్ల ఒక్కడే ఎత్తాడు.

భోజనానికి పిలిస్తే మఫ్లరు దించాడు. పళ్ళకు తీగలు. గని ప్రమాదాలు చూసినవాళ్ళం, మాకు వింత కాదు. ఓపల్ చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించి, నీళ్ళలా చేసి, గొట్టం వేసి ఇచ్చింది. తాగి, ఆమె చెయ్యి పట్టుకుని నుదుటికి తాకించుకున్నాడు. ఆసాకు అతను బాగా నచ్చేశాడు.

"ఏం మనిషివయ్యా, నోరు తెరవకుండా ఇంత పని చేస్తున్నావు. మా నాన్నకి కాస్త నేర్పు" అన్నాడు. అతని భుజాలు నవ్వుతో ఊగాయి. "పేరేంటన్నా నీది?" అన్నాడు ఆసా.

బల్ల మీద బురద ఇంకా కడగలేదు. దాని మీద వేలితో రాశాడు: హౌగెన్. రాసి, నాకు ఇవ్వడానికి జేబులోంచి నా ఉత్తరం తీస్తున్నాడు.

ఆసా లేచి నిలబడ్డాడు. "దుష్టుడి దవడ దేవుడికి అప్పగించాడు" అన్నాడు. నా మాటే, నా గొంతే. తర్వాత కొట్టాడు. అతను వెనక్కి పడితే మీద కూర్చుని కొట్టాడు. నేను పట్టుకుని లాగితే నన్నూ విదిలించాడు. గ్రోవర్ గుమ్మంలో నిలబడి, "వేసుకో, ఆసా, మీ బాబాయ్ పేరు చెప్పి ఇంకోటి వేసుకో" అంటున్నాడు. ఎవరూ అడ్డం రాలేదు. ఏడంతా వాళ్ళకు నేను నేర్పింది అదే.

హౌగెన్ నోరు తెరుచుకోదు, నెత్తురు బయటికి రాదు. ఊపిరాడక మొహం నల్లబడింది. నా గని సంచీలోంచి కటింగ్ ప్లయరు తెచ్చి ఆ తీగలు నేనే కత్తిరించాను. తల నా ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు నోట్లో పెట్టి గడ్డలు లాగాను. మోకాలి లోతు బురదలో, గుడిలో, పీఠం ముందు.

తీగలు గుచ్చుకుని ఆసా కుడిచేతి వేళ్ళ కణుపులు ఎముక దాకా చీలాయి. బురదలోనే ఉన్న చెయ్యి. మర్నాటికి మోచేతి దాకా ఎర్రగా వాచింది. ఇద్దర్నీ ఒకే వ్యానులో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ హౌగెన్ కాగితం మీద రాసి చూపించాడు: "మీ జట్టు వైపు నుంచి నాకు వచ్చిన ఉత్తరం ఇదొక్కటే. నేను దేనికి పశ్చాత్తాపపడాలో అడుగుదామని వచ్చాను."

దానికి జవాబు నిన్న నీ ఉత్తరం తెచ్చింది.

హైరమ్


టోలీడో
9 మే 1977

అన్నయ్యా,

నీ ఉత్తరంలో బైబిలు వాక్యం లేదు. వెనక వైపు ఉందేమోనని కాగితం తిప్పి చూశాను. నాకు భయమేసింది.

ఆసా చెయ్యి ఎలా ఉందో వెంటనే రాయి. హౌగెన్‌ని ఇక్కడి ఆసుపత్రికి మార్చారని తెలిసి వెళ్ళాను. నర్సు లోపలికి పోనివ్వలేదు, మంచిపని చేసింది. తలుపు అద్దంలోంచి చూశాను. అతను చెయ్యి ఎత్తాడు, రమ్మనో పొమ్మనో తెలియలేదు. వచ్చేశాను.

తువ్వాలు మడిచినా ఇక లేవనని రట్లెడ్జ్‌తో చెప్పాను. ఇంకో ఏడాదికి సంతకం ఉంది, కూర్చుంటాను గానీ లేవను అన్నాను. వాడు నవ్వాడు. "నువ్వు లేవకపోతే లేచేవాడు దొరుకుతాడులే డెల్. మీ ఇంట్లోనే ఒకడున్నాడటగా, పేపర్లో చదివాను" అన్నాడు. జోకనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే జోకులా లేదు.

డెల్మర్


పిజన్ ఫోర్క్
18 సెప్టెంబరు 1977, ఆదివారం

తమ్ముడా,

ఇన్నాళ్ళు రాయలేదు. రాయడానికి కూర్చుంటే పాత మాటలే చేతిలోకి వస్తున్నాయి. పీఠం ఎక్కడం మానేశాను. ఆదివారాలు వెనక బల్ల మీద కూర్చుంటున్నాను.

ఆసా కుడిచేతి రెండు వేళ్ళు తీసేశారు. చిటికెన వేలూ, దాని పక్కదీ. లేకపోతే చెయ్యంతా పోయేదన్నారు. కాలేజీ వాళ్ళు స్కాలర్‌షిప్ ఆపేశారు. వేసవంతా వాడు గుడి వెనక రింగు దగ్గరే ఉన్నాడు. బంతి వేస్తే పక్కకు పోతుంది, తెచ్చుకుని మళ్ళీ వేస్తాడు. ఓపల్ ఆ వైపు కిటికీ మూసేసింది.

మంగళవారం మీ టోలీడో జట్టు మనిషి ఒకడు కారులో వచ్చాడు. మా ఇంట్లోనే కూర్చుని, ఓపల్ ఇచ్చిన మొక్కజొన్న రొట్టె తింటూ మాట్లాడాడు. "మా డెల్మర్ మెత్తబడ్డాడు. అదే రక్తం కావాలి మాకు" అన్నాడు.

"నేను బంతి వెయ్యలేను సార్" అని చెయ్యి చూపించాడు ఆసా.

"బంతి వెయ్యమని ఎవరన్నారు బాబూ. ఎడమ చెయ్యి బాగానే ఉందిగా."

నేను వాణ్ణి బయటికి గెంటాను. కానీ టికెట్టు బల్ల మీద పెట్టి పోయాడు, ఆసా తీసుకున్నాడు. వద్దన్నాను. బతిమాలాను. మోకాళ్ళ మీద పడ్డాను, తమ్ముడా, నా కొడుకు ముందు.

"ఏడంతా బాబాయ్ దేవుడి పని చేస్తున్నాడన్నావు. నేను చేస్తే పాపమైందా?" అన్నాడు. "ఆట పోయింది నాన్నా. కోర్టు మీద నిలబడ్డానికి నాకు మిగిలింది ఇదొక్కటే. నా వేళ్ళు తిరిగి ఇస్తావా?"

గురువారం బస్సుకు వస్తున్నాడు. నేను ఆపలేకపోయాను. నా మాటకు ఇప్పుడు ఈ ఇంట్లో విలువ లేదు, ఉండకూడదు కూడా.

వరద వల్ల ఆగిపోయిన కాళ్ళు కడిగే ఆరాధన అక్టోబరు రెండున పెట్టారు. హౌగెన్‌కు రాశాను, ఈసారి క్షమించమని మాత్రమే. వస్తానని జవాబు రాశాడు. ఆసా పేరు రాసి మరీ అడిగాడు, వాడూ ఉంటాడా అని.

వాడు పుట్టినప్పుడు నేను అడిగింది నీకు తెలుసు. ఇక దేవుణ్ణి అడిగే మొహం లేదు, నిన్ను అడుగుతున్నాను. ఆ తువ్వాలు మోకాలి మీదికి ఎప్పుడు వస్తుందో నీకొక్కడికే ముందు తెలుస్తుంది. వాడి కంటే ముందు లేవరా.

హైరమ్


టోలీడో
26 సెప్టెంబరు 1977

అన్నయ్యకు,

ఆసా గురువారం చేరాడు. నాతోనే ఉన్నాడు గానీ రెండు రోజులు మొహం చూసి మాట్లాడలేదు. శనివారం మొదటి ప్రాక్టీసు. కుర్రాళ్ళను రెండు జట్లుగా విడదీసి ఆడించారు. అవతలి వైపు ఒక కొత్త కుర్రాడున్నాడు, ఆయోవా వాడు, ఆసా పాత చెయ్యి లాంటి చెయ్యి. ఎక్కణ్ణుంచి వేసినా పడుతోంది.

రట్లెడ్జ్ తువ్వాలు తీసి మడిచాడు. ఆసా వైపు చూశాడు.

నేను ముందే లేచాను. ఆసా వచ్చేసరికి ఆ కుర్రాడికీ వాడికీ మధ్య నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకున్నాను.

"తప్పుకో బాబాయ్."

"నన్ను కొట్టు. బొటనవేలు బయట పెట్టుకో, నేను చెప్పినట్టు."

"నువ్వు నాకు అబద్ధం చెప్పావు" అన్నాడు. "నాన్న కూడా. అందరూ."

"చెప్పాం. కొట్టు."

కొట్టాడు. ఎడమ చేత్తోనే. మన నాన్న చెయ్యి అది, నేను మోసుకు తిరిగినదే, నా మొహం మీద తగిలితే ఎలా ఉంటుందో నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు. నిలబడ్డాను. మళ్ళీ కొట్టాడు, చెవి కింద. ఎండు కొమ్మ చప్పుడు లోపలి నుంచి ఇంకా పెద్దగా వినిపిస్తుంది అన్నయ్యా. పడ్డాను. నోట్లో ఏదో రాళ్ళలా కదిలాయి. కాలితో కూడా ఒకటి తన్నాడు. నేను చేతులు ముందుకు తేలేదు. హాలంతా బంతి చప్పుడు ఆగిపోయింది. వాడు నా మీద నిలబడి ఏడుస్తూ, "లే, కొట్టు, నువ్వూ కొట్టు" అంటున్నాడు.

అప్పుడు చెయ్యి చాచాను, లేపమని. వాడు కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత కుడిచెయ్యి ఇచ్చాడు, ఆ మూడు వేళ్ళదే, ఇచ్చి లేపాడు. లేస్తూ అలవాటు కొద్దీ బెంచీ వైపు చూశాను. తువ్వాలు రట్లెడ్జ్ మోకాలి మీదే ఉంది. బెంచీ మీద అంతమంది ఉన్నారు. ఎవరూ లేవలేదు.

ఇద్దర్నీ పొమ్మన్నారు. శుక్రవారం బస్సుకు వస్తున్నాం. ఆసా మొహం ఎత్తడం లేదు, నువ్వు ఏమీ అనకు, దారిలో తనే ఏదో ఒకటి మాట్లాడతాడు. నా దవడకు తీగలు కట్టారు కాబట్టి వినేవాణ్ణి నేనే.

గుడిలో నాకు హౌగెన్ పక్కన చోటు అక్కర్లేదు, ఎదురుగా కావాలి. నీళ్ళు వెచ్చగా పెట్టించు, కొండ మీద అప్పటికి చలి మొదలవుతుంది. వాక్యం కూడా ఒకటి చూసి ఉంచు, నువ్వు చదవకపోతే ఇంకెవరు చదివినా నాకు ఎక్కదు.

వదినతో చెప్పు, నేను నమలలేను. చిక్కుడు గింజలు మెత్తగా ఉడికించి, నీళ్ళలా చేసి, గొట్టం వేసి పెట్టమను. హౌగెన్‌కి పెట్టినట్టే.

నీ తమ్ముడు,
డెల్మర్